మార్సేల్స్ మీదుగా

రండి, రండి, ఇలా దగ్గరికి జరగండి. వెనకాల నిలబడ్డవాళ్లు కుర్చీలు లాక్కోండి. ఫోన్లు జేబుల్లో పెట్టేయండి. ఇంట్లోవాళ్లు మీరు తప్పిపోయారనుకున్నా పర్వాలేదు, వాళ్లకీ కాస్త విశ్రాంతి. సమోసా నోట్లో ఉన్నవాళ్లు మింగాకే చెవులు తెరవండి, ఆ కరకరల్లో కథ వినబడదు. ఆ మూల వీసాల గురించి మాట్లాడుకుంటున్నవాళ్లూ, మీ వీసా సంగతి రేపటిదాకా ఆగుతుంది. ఆక్లండ్ ఊరి చివర పాపటోయిటోయిలో రమామణి అనే మనిషి బేసిన్‌లో చేతులు పెట్టి నిలబడి ఉంది. ఆ నీళ్లు చల్లారకముందే మనం అక్కడ ఉండాలి.

నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. నీలం ప్లాస్టిక్ బేసిన్‌లో కవరు ముక్కలు తేలుతున్నాయి, ముక్కకో స్టాంపు. రమామణి స్వెటర్ చేతులు మోచేతుల పైకి తోసుకుని నీళ్లను వేళ్లతో మెల్లగా కదిపింది. ఈ పనిలో తొందర పనికిరాదు. జిగురు తనంతట తాను వదలాలి, లాగితే స్టాంపు చిరుగుతుంది. వదిలినప్పుడు అది పాల మీద మీగడలా పక్కకి జారుతుంది. అప్పుడు దాన్ని అరచేతిలోకి తీసుకుని, వెనకవైపు బొటనవేలితో ఒక్కసారి రాసి, తువ్వాలు మీద బోర్లా పరవాలి. తడి ఆరాక పాత టెలిఫోన్ డైరెక్టరీ పేజీల మధ్య పెట్టి, పైన ఇటుక బరువు పెట్టాలి. ఇదే ఆమె ఉద్యోగం. ఏళ్లుగా నాని నాని ఆమె బొటనవేలు ఎంత నునుపెక్కిందంటే, ఎయిర్‌పోర్టులో వేలిముద్రలు చూసే మెషిను ఆమెను మనిషి కింద లెక్కేయనందిట.

ఆ స్టాంపుల కొట్టు ఫిజీ వాళ్ల డెయిరీకీ, అంటే పాలూ బ్రెడ్డూ పేపర్లూ అమ్మే చిల్లర కొట్టుకీ, చీరలకు ఫాల్సు కుట్టే కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఎంత ఇరుకంటే లోపల ఒకరికి తుమ్మొస్తే ఇంకొకరు బయటికి నడవాలి. ఓనరు పేరు డెస్మండ్. ముసలాయన, ఒంటరివాడు, కొట్టు మీది గదిలోనే కాపురం. ఆయన ఎంత పొడుగంటే వాన ముందు ఆయన మీద పడి, కాసేపయ్యాక ఊరి మీద పడేది. ఈ దేశంలో అందరూ పేరు పెట్టి పిలవమంటారు కదా, ఆయనా 'డెస్' అనమన్నాడు. తండ్రి వయసువాడిని ఉత్త పేరుతో పిలవడానికి రమామణికి నోరు రాలేదు. 'డెస్ గారూ' అంది. ఆ 'గారు' ఏదో బిరుదు అనుకుని ఆయన మురిసిపోయి, కొన్నాళ్లు ఫోన్లో కూడా "డెస్‌గారు స్పీకింగ్" అన్నాడు.

ఆమె ఆ కొట్టులోకి మొదటిసారి వెళ్లింది పోస్టాఫీసు అనుకుని. అప్పటికి పుకెకోహె పొలాల్లో ఉల్లిపాయల పని అయిపోయింది, ఎయిర్‌పోర్టు పక్క గోడౌన్‌లో అట్టపెట్టెలకు టేపు వేసే పని నడుం విరగ్గొట్టింది. భర్త విజయకుమార్ నార్త్‌షోర్‌లో బస్సు నడుపుతాడు. ఆల్బనీ నుంచి సిటీకి, సిటీ నుంచి ఆల్బనీకి. ఇంటికొచ్చినా నిద్రలో బ్రేకు తొక్కుతూనే ఉంటాడు. చెల్లెలికి గ్రీటింగ్ కార్డు పంపుదామని స్టాంపు అడిగితే, కౌంటరు వెనక ఆ పొడుగాటి మనిషి, స్టాంపులు లక్ష ఉన్నాయి కానీ అంటించడానికి మాత్రం ఒక్కటీ ఇవ్వనన్నాడు. ఈయనకు మతి సరిగా లేదేమోనని వెనక్కి తిరగబోతూ, ఆయన ఒక కవరు నుంచి స్టాంపును గోటితో గీకడం చూసి ఆగిపోయింది.

ఆమె పుట్టింటివాళ్లు బాపట్లలో పిండి వడియాలు పెట్టి అమ్మేవాళ్లు. గుడ్డ మీద ఎండిన వడియాన్ని ఎవరూ పైనుంచి పీకరు. గుడ్డ తిరగేసి, వెనక నీళ్లు చిలకరించి, కాసేపు ఊరుకుంటారు. అదే వచ్చి చేతిలో పడుతుంది. రమామణి ఆ కవరు అందుకుని, తిరగేసి, ఆయన గ్లాసులో నీళ్లే నాలుగు చుక్కలు చల్లి, ఊరుకుంది. స్టాంపు వచ్చి చేతిలో పడింది. సోమవారం నుంచి రమ్మన్నాడు.

పద్ధతి మొదటిరోజే ఏర్పడింది. సాయంత్రం డెస్ గారు కుర్చీలో కూర్చుని, సంచుల్లో వచ్చిన కవర్లన్నీ భూతద్దంతో చూస్తాడు. నానబెట్టవలసినవి ఖాళీ ఐస్‌క్రీం డబ్బాలో వేస్తాడు. నీళ్లు తగలకూడనివి, అంటే కవరుతో సహా దాచుకోవలసిన పాతవి, టేబుల్ మీద ఉంచుతాడు. పొద్దున్న రమామణి వచ్చి డబ్బాను బేసిన్‌లో బోర్లిస్తుంది. అందులో ఏముందో చూడదు. చూడటం ఆయన పని, నానబెట్టడం ఆమె పని. టేబుల్ మీది కాగితాన్ని ఏనాడూ ముట్టుకుని ఎరగదు, దుమ్ము దులపడానికి కూడా.

ఆ పొద్దున్న కూడా అలాగే బోర్లించింది.

ముక్కల మధ్య ఒకటి ముక్కలా లేదు. నాలుగు మూలలూ ఉన్న నిండు కవరు. పల్చటి బూడిదరంగు కాగితం, తడికి ముదురుతోంది. దాని ఎడమ మూల పైన పాతకాలపు సొగసుతో నల్ల సిరాతో రాసి, కింద గీత గీసి ఉంది. ఆ రెండు మాటలూ ఆమెకు చదవనక్కర్లేకుండానే తెలుసు. మార్సేల్స్ మీదుగా.

చేతులు ముంచి కవరు కిందనుంచి రెండు అరచేతుల మీద పైకెత్తింది. అంతలోకే రాణి బొమ్మ ఉన్న గోధుమరంగు స్టాంపు మీగడలా పక్కకి జారి, బేసిన్ అంచున ఆగింది. కుడివైపు కింద మూలలో ఎర్రసిరా గుర్తు ఉండాలి. అక్కడ గులాబిరంగు పొగ తప్ప ఏమీ లేదు. ఆమె చూస్తుండగానే ఆ పొగ కూడా నీళ్లలోకి దిగి, నీళ్లయిపోయింది.

ఈ కవరు గురించి మీకు తెలియాలి, లేకపోతే ఆ మనిషి ఎందుకంత హడలిపోయిందో తెలియదు. డెస్ గారు జీవితమంతా పోగేసింది స్టాంపులు కాదు, దారులు. సూయజ్ కాలువ తవ్వకముందు ఆక్లండ్ నుంచి ఇంగ్లండుకు ఉత్తరం ఎలా వెళ్లేదో ఆయనకు కావాలి. ఓడలో సిడ్నీ, అక్కడి నుంచి సింహళంలో గాల్ రేవు, అక్కడి నుంచి ఏడెన్, సూయజ్. అక్కడ ఓడ దిగి, రైలెక్కి, ఎడారి దాటి అలెగ్జాండ్రియా. అక్కడ దారి రెండుగా చీలుతుంది. కాస్త ఎక్కువ కడితే మార్సేల్స్‌లో దిగి, ఫ్రాన్సు అంతా రైలు మీద పరిగెత్తి వారం ముందు చేరుతుంది. తక్కువ కడితే జిబ్రాల్టర్ చుట్టూ తిరిగి, సముద్రం మీదే ఊగుతూ సౌతాంప్టన్ చేరుతుంది. గోడ మీద ఇంత పెద్ద మ్యాపు పెట్టి, ఆ దారులన్నీ రంగురంగుల ఊలుతో కుట్టాడు. తొందరవాళ్లకు ఎరుపు, ఓపికున్నవాళ్లకు నీలం.

ఈ కవరు పంపినవాడు మార్సేల్స్ మీదుగా అని మురిపెంగా రాశాడు, కింద గీత కూడా గీశాడు, అంటించింది మాత్రం సౌతాంప్టన్‌కి సరిపడే ఆరు పెన్నీల స్టాంపు ఒక్కటే. పోస్టాఫీసు గుమాస్తా చూసి, ఎర్రసిరాతో మూల మీద గుర్తు పెట్టి, నెమ్మది సంచిలో పడేశాడు. లోపల ఉత్తరం ఎప్పుడో పోయింది. అందులో ఏం రాసుందో డెస్ గారికి అక్కర్లేదు. "ఆశ మార్సేల్స్‌ది, స్టాంపు సౌతాంప్టన్‌ది. నేనే అది" అని నవ్వేవాడు. ప్రపంచంలో ఎవరి దగ్గరా ఇలాంటిది లేదని ఆయన నమ్మకం. నెల తిరిగితే పెద్ద స్టాంపుల ప్రదర్శన, పోటీ. దానికి పేజీలన్నీ సిద్ధం, మధ్య పేజీలో దీని చోటు ఒక్కటే ఖాళీ.

అది ఐస్‌క్రీం డబ్బాలో ఎందుకుంది?

జవాబు రమామణికి తెలుసు. తెలిసి చాలా రోజులైంది. మొన్నామధ్య కెటిల్ ఫ్రిజ్‌లో కనబడింది. పెన్సిళ్ల కప్పులో టీ పోసుకున్నాడు. ఒకరోజు ఆమెను ఎప్పుడో పోయిన భార్య పేరుతో పిలిచి, భోజనానికి చుట్టాలు వస్తున్నారా అని అడిగాడు. కిందటివారం హీటరు మీద స్వెటర్ ఆరేసి నిద్రపోతే, కమురు వాసనకి పరిగెత్తి తనే లాగేసింది. కాలిన స్వెటర్‌ని సంచిలో చుట్టి ఇంటికి తీసుకెళ్లి పారేసింది. ఎవరికీ చెప్పలేదు. ఆయన కూతురు హెదర్, దేశానికి దక్షిణం కొసన చలి ఊరు ఇన్వర్‌కార్గిల్ నుంచి ఫోన్ చేసి, నాన్న బాగానే ఉన్నాడా, నిజం చెప్పు అంటే, బ్రహ్మాండంగా ఉన్నారు అంది. తేడా ఏమైనా ఉంటే తండ్రిని తనతో తీసుకెళ్లిపోతానని హెదర్ ఎప్పటినుంచో అంటోంది. ఆ కొట్టు లేని రోజు తను బతికున్నట్టు కాదని తండ్రి అంటున్నాడు.

ఆ హెదర్ ఇవాళ మధ్యాహ్నం వస్తోంది.

రమామణి కవరును రెండు తెల్ల అట్టల మధ్య పెట్టి అదిమింది. స్టాంపును విడిగా ఆరబెట్టింది. అన్నం మెతుకుతో మళ్లీ అంటించేస్తే అన్న ఆలోచన వచ్చింది. ఒకసారి విడిపోయినదాన్ని తిరిగి అంటించి అమ్మేవాడిని డెస్ గారు ఏమంటాడో గుర్తొచ్చి, ఆ ఆలోచనను బేసిన్ నీళ్లతో పాటు సింకులో పారబోసింది. ఎర్రసిరా ఎలాగూ తిరిగి రాదు. అది లేకపోతే ఆ ఉత్తరం ఏ దారిన వెళ్లిందో చెప్పే సాక్ష్యమే లేదు.

అదే సమయానికి తలుపు గంట మోగింది. రామలింగేశ్వరరావు అంకుల్. గుంటూరులో కరెంటు డిపార్టుమెంటులో రిటైరై, ఇక్కడ కొడుకింట్లో ఉంటున్నాడు. రోజూ పక్క డెయిరీలో పేపరు కొనకుండా చదివేసి, చదివిందంతా అరిగించుకోవడానికి ఈ కొట్టుకు వస్తాడు. అట్టల సందులోంచి కవరు అంచు చూశాడు.

"ఏమ్మా, ఉత్తరానికి తలంటు పోశావా?" అన్నాడు.

ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. పాతదండీ, పొరపాటున తడిసింది అని మాత్రం అంది. ఆయన విషయం మొత్తం అర్థమైనట్టు తల పంకించి, ఇది చాలా తేలిక, మైక్రోవేవ్‌లో పెట్టమని సలహా ఇచ్చాడు. తడి పోయాక సిరా తనంతట తనే పైకి తేలుతుందట, గుంటూరులో మీటరు రీడింగు బుక్కు వానలో తడిస్తే అలాగే చేశారట. గుంటూరులో అప్పుడు మైక్రోవేవ్ ఎక్కడుందండీ అని ఆమె అడగలేదు. ఆయన వెళ్లేదాకా అట్టల మీద చెయ్యి తియ్యలేదు.

పైన చెక్క మెట్లు కిర్రుమన్నాయి. అట్టలతో సహా కవరును టెలిఫోన్ డైరెక్టరీలో దూర్చి, దాని మీద ఇటుక పెట్టేసింది.

డెస్ గారు తల వంచుకుని గుమ్మం దాటాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు, టై కట్టుకున్నాడు. కూతురు వస్తోందని. ఒక చెవి కింద సబ్బు నురగ ఆరిపోయి ఉంది. తుడవమని చెప్పాలా, చెబితే చిన్నబుచ్చుకుంటాడా అని ఆమె కాసేపు తేల్చుకోలేకపోయింది. చివరికి, ఎండ పడుతోందని అబద్ధమాడి కిటికీ తెర వేసే వంకతో దగ్గరికెళ్లి, భుజం మీద ఏదో దులిపినట్టు తుడిచేసింది.

ఆయన మధ్య పేజీ తెరిచాడు. టేబుల్ మీద చూశాడు. ట్రేలో చూశాడు. ఆల్బమ్ కింద చూశాడు. రమామణి వీపు అటు తిప్పి, ఖాళీ బేసిన్‌ను తుడిచిందే తుడుస్తోంది. వెనక సొరుగు తెరుచుకుంటున్న చప్పుడు, మూసుకుంటున్న చప్పుడు. మళ్లీ అదే సొరుగు తెరుచుకుంది.

"మణీ, మార్సేల్స్‌ని చూశావా?" ఆయన ఇంగ్లీషులోనే అడిగాడు, మనం మన భాషలో చెప్పుకుందాం.

"లేదండీ."

ఇన్నేళ్లలో ఆయనకు చెప్పిన మొదటి అబద్ధం. అంటే, ఎండ సంగతి కాకుండా.

పోనీలే, విసుగుపుట్టి తనంతట తానే ఇంగ్లండు వెళ్లిపోయిందేమో, ఈసారి విమానంలో వెళ్లుంటుందని ఆయన జోకేశాడు. ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు. నెమ్మదిగా కుర్చీలో కూర్చుని చేతులు టేబుల్ మీద ఆనించి, నిన్న సాయంత్రాన్ని వెతుక్కుంటున్నాడు. ఆ ముఖం చూడటం ఆమె వల్ల కాలేదు. చీకటి గదిలో గోడలు తడుముకుంటూ స్విచ్చు కోసం వెతికే మనిషిలా ఉన్నాడు. నిన్న కూర్చున్నాను, టీ తాగాను, తరవాత, అని ఆగిపోయాడు. మళ్లీ మొదటినుంచి, నిన్న కూర్చున్నాను, టీ తాగాను.

చెప్పేద్దామని నోరు తెరిచింది. ఏమని చెప్పాలి? మీరే డబ్బాలో వేశారు అంటే ఆయన్ని తీసుకెళ్లి ఆ దక్షిణం చివర చలిలో కూర్చోబెడతారు. చెప్పకపోతే ఆయన ఇక్కడే ఉంటాడు. మళ్లీ హీటరు మీద ఏదైనా ఆరేస్తాడు. అప్పుడు తను ఇంట్లో ఉంటుంది, కమురు వాసన ఇంటిదాకా రాదు. ఆ పొద్దున్న ఆమెకు టీ ఎంత చేదుగా ఉందంటే, రెండో చెంచా చక్కెరేసి, మూడోది వేసి, చివరికి తాగకుండా మొక్కలో పోసింది. ఆ మొక్క తరవాత తియ్యటి పువ్వులు పూసిందంటారు.

హెదర్ వచ్చేసరికి సొరుగులన్నీ నేల మీద ఉన్నాయి. తండ్రి అంత పొడుగూ కాదు, తండ్రి అంత నవ్వూ లేదు, కానీ తండ్రి చేతులే. ఒక చిన్న సంచి పట్టుకుని గుమ్మంలోనే ఆగి, ఆ చిందరవందర చూసింది. ఆయన చెమట పట్టిన ముఖంతో మోకాళ్ల మీద లేవబోతే పరిగెత్తి పట్టుకుంది. ఏం పోయిందో విన్నాక ఆమె గొంతు తగ్గించింది. కొట్టు తాళాలు ఎవరెవరి దగ్గర ఉన్నాయి నాన్నా అని మెత్తగానే అడిగింది. అడుగుతూ రమామణి వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడిందో అందరికీ తెలుస్తూనే ఉంది.

గదిలో తాళాలు ఉన్నవాళ్లు ఇద్దరే.

రమామణి చేతులు తుడుచుకుంది. ఇటుక తీసింది. డైరెక్టరీ తెరిచి, అట్టలు విప్పి, కవరును ఆయన ముందు పెట్టింది. దాని పక్కన, విడిగా, స్టాంపు.

"నేనే. టేబుల్ మీంచి తీసుకున్నాను. చూసుకోకుండా నీళ్లలో వేసేశాను" అంది. "నాదే తప్పు. ఆయనది ఏం లేదు. ఆయన బ్రహ్మాండంగా ఉన్నారు."

హెదర్ ఊపిరి వదిలింది. ఆమె ముఖంలో కోపం వచ్చింది, కోపంతో పాటు చిన్న ఊరట కూడా వచ్చింది. పోయింది కాగితమే, మనిషి కాదన్నట్టు. ఇంత విలువైనదాన్ని ఇంత నిర్లక్ష్యంగా ఎలా, అని మొదలుపెట్టింది.

డెస్ గారు చెయ్యెత్తి ఆపాడు. భూతద్దం అందుకున్నాడు. ఎర్రసిరా ఉన్న మూల మీద చాలాసేపు ఉంచాడు. తరవాత భూతద్దం పక్కన పెట్టి, షెల్ఫు మీదున్న ఐస్‌క్రీం డబ్బా వైపు చూశాడు. కడిగి బోర్లించి ఉంది.

"మణి టేబుల్ ముట్టుకోదు" అన్నాడు.

హెదర్ తండ్రి వైపు చూసింది.

"నేను పుట్టినరోజు కేకు టేబుల్ మీద పెట్టి మర్చిపోతే, దానికి బూజు పట్టి మీసాలొచ్చినా ముట్టుకోలేదు. డబ్బా నింపేది నేను." కూతురి వైపు తిరిగాడు. "ఇది నేను వేశాను, హెదర్."

రమామణి, కాదండీ, నేనే, అనబోయింది. ఆయన ఆమె వైపు చూసిన చూపులో కోపం లేదు. ఇంతసేపూ చీకట్లో తడుముకున్న మనిషికి స్విచ్చు దొరికింది. దీపం వెలిగాక గదిలో కనబడింది ఆయనకు నచ్చలేదు, అంతే.

"అబద్ధం ఆడటం నీకు చేతకాదు మణీ. ఇంకెప్పుడూ ప్రయత్నించకు" అన్నాడు. కాస్త ఆగి, "నా బ్రౌన్ స్వెటర్ కూడా నీ దగ్గరే ఉందా?"

ఆమె ఏడ్చేసింది. అప్పుడు హెదర్‌కు అంతా చెప్పింది. కెటిల్, కప్పు, హీటరు. హెదర్ అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది రమామణికి. హెదర్ కింద కూర్చుని సొరుగులు ఒక్కొక్కటీ వాటి చోట్లలో పెడుతూ, సాయంత్రం విమానానికి రెండు టిక్కెట్లు తీసుకునే వచ్చానని, నేల వైపు చూస్తూ చెప్పింది. ఆ మాటకు డెస్ గారు, నా కూతురు ముందే మార్సేల్స్ టిక్కెట్టు కొనుక్కొచ్చింది, నేను సౌతాంప్టన్ మీదుగా రావాలనుకున్నాను, అన్నాడు. హెదర్‌కు అర్థం కాలేదు. రమామణికి అయింది.

మధ్యాహ్నమంతా సామాను సర్దడమే. ఒక పెట్టె చాలింది. ప్రదర్శన పేజీలను ఆయన స్వయంగా సర్దుకున్నాడు. అక్కడ దిగాక పంపుతాడట. మధ్య పేజీని మాత్రం తీసి పక్కన పెట్టాడు. సాక్ష్యం లేనిదాన్ని పోటీకి పెట్టడు. రమామణి ఆయన కోసం పులిహోర డబ్బాలో పెట్టింది. ఇన్వర్‌కార్గిల్‌లో చలికి మాటలు నోట్లోంచి రాగానే గడ్డకట్టి కింద పడతాయట, అక్కడివాళ్లు వాటిని ఏరి పొయ్యి దగ్గర పెట్టుకుంటే కానీ ఎవరేమన్నదీ తెలియదట. అందుకని తన ఇంట్లో ఉన్న మఫ్లరు పక్క కొట్టు అమ్మాయితో తెప్పించి ఆయన మెడకు చుట్టింది. ఆయన చుట్టించుకున్నాడు.

టాక్సీ కోసం చూస్తూ ఇద్దరూ గోడ మీది మ్యాపు ముందు నిలబడ్డారు.

"ఇది ఎటు వెళ్లిందో నాకు తెలుసు" అన్నాడు కవరు చేతిలో పట్టుకుని. నీలం ఊలు మీద వేలు పెట్టాడు. ఆక్లండ్. సిడ్నీ. గాల్. ఏడెన్. అక్కడ వేలు ఆగింది. ఊలు ముందుకు సాగుతూనే ఉంది, వేలు ఆగిపోయింది. ఆయన ఏడెన్ వైపు చూస్తూ ఉండిపోయాడు.

"సూయజ్ అండీ" అంది రమామణి.

"సూయజ్."

"రైలు. అలెగ్జాండ్రియా. అక్కడ ఎర్రసిరా మార్సేల్స్ వెళ్లనివ్వలేదు. జిబ్రాల్టర్. సౌతాంప్టన్."

ఆయన వేలు ఆమె మాటల వెనకే వెళ్లి సౌతాంప్టన్ చేరింది. చేరాక ఊపిరి తీసుకున్నాడు, తనే అంత దూరం నడిచొచ్చినట్టు.

"సరే" అన్నాడు తెలుగులో. ఆమె దగ్గర నేర్చుకున్నది ఆ ఒక్క మాటే. "ఇక నువ్వు గుర్తుపెట్టుకో."

స్టాంపును చిన్న మైనపు కాగితంలో మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కవరు ఆమెకిచ్చాడు. ఇన్నేళ్లూ ఈ రెండూ ఒకచోటే ఉన్నాయి, కొన్నాళ్లు ఎవరి ఊరు వాళ్లు చూడనీ, అన్నాడు. తరవాత తనే మనసు మార్చుకుని కవరును ఆమె చేతిలోంచి తీసుకుని, మధ్య పేజీ మీద అమర్చి, ఫ్రేములో పెట్టి, కొట్టు కిటికీలో రోడ్డుకు కనబడేలా నిలబెట్టాడు. ఎప్పుడూ అమ్మకానికున్నవే ఆ కిటికీలో ఉండేవి. దీనికి ధర చీటీ పెట్టలేదు.

టాక్సీ వచ్చింది. ఆయన వెనక సీట్లో మోకాళ్లు గడ్డానికి తగిలేలా మడిచి కూర్చున్నాడు. హెదర్ దిగి వెనక్కి వచ్చి, అద్దె గడువు తీరేదాకా కొట్టు చూసుకోగలవా అని అడిగి, జవాబు వినకుండానే రమామణిని గట్టిగా వాటేసుకుని వెళ్లిపోయింది. కారు మలుపు తిరిగేటప్పుడు అద్దంలోంచి ఆయన చెయ్యి కనబడింది, ఊపుతున్నాడో, దారి చూపిస్తున్నాడో తెలియలేదు. అంతే. వీధిలో ఎవరూ తల తిప్పలేదు. డెయిరీ వాళ్లు అప్పుడే పాలు దింపుకుంటున్నారు.

లోపలికొచ్చి బేసిన్ కడిగి బోర్లించింది. ఐస్‌క్రీం డబ్బా ఖాళీగా ఉంది. ఇవాళ సాయంత్రం దాన్ని నింపేవాళ్లు లేరు. దాని పక్కన ఆయన భూతద్దం, మర్చిపోయాడో, వదిలి వెళ్లాడో. ఆమె టేబుల్ దగ్గరికి వెళ్లి, చాలాసేపు నిలబడి, మొదటిసారి దాని మీద చెయ్యి పెట్టింది. దుమ్ము ఉంది. తుడవలేదు.

తలుపు తాళం వేసి బయటికొచ్చేసరికి రామలింగేశ్వరరావు అంకుల్ బ్రెడ్డు సంచి చేతిలో వేలాడేసుకుని కిటికీ అద్దానికి ముక్కు ఆనించి ఉన్నాడు. ఫ్రేములో కవరును చూస్తున్నాడు. పైన మార్సేల్స్ మీదుగా అన్న రాత, కింద గీత, స్టాంపు ఉండవలసిన చోట లేత చతురస్రం, ఎర్రసిరా ఉండవలసిన మూల శుభ్రంగా, బోసిగా. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, తేదీ చదివి, ఊరు చదివి, మళ్లీ ఆ ఖాళీ చోటు చూసి, పూర్తిగా తృప్తిపడ్డ ముఖంతో వెనక్కి తిరిగాడు.

"స్టాంపు లేకుండా అంత దూరం వెళ్లిందంటే, పోస్ట్‌మ్యాన్ తెలిసినవాడై ఉంటాడమ్మా."